బస్సు ఎవరిదైనా రూటు ఎవరి చేతిలో ఉంది?

ఇంగ్లండులోని గ్రేటర్ మాంచెస్టర్ ప్రాంతం 1986లో చేజార్చుకున్న సిటీ బస్సుల మీది అదుపును మూడు దశల్లో తిరిగి సంపాదించి, 2025 జనవరి 5న ఆ పని పూర్తిచేసిందని గత సంచికలో క్లుప్తంగా ప్రస్తావించాము. ప్రైవేటుకు వదిలేసిన బస్సులను తిరిగి ప్రజల చేతిలోకి తెచ్చుకోవడం ఎలా సాధ్యమైంది, దాని మంచిచెడ్డలేమిటి అని అడుగుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆర్టీసీ మన ఇంటి విషయం కనుక ఈ ఆసక్తి సహజమే. ఈసారి పుటలన్నీ ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉద్యోగం చేస్తోంది. వేసవిలో వెళ్ళినప్పుడు బస్సులన్నీ ఒకే పసుపు రంగులో, తేనెటీగ గుర్తుతో కనిపించాయి. బస్సులను ప్రభుత్వం వెనక్కు తీసుకుందని అమ్మాయి చెప్పింది. కాని డ్రైవర్లకు జీతమిచ్చేది ఇప్పటికీ ప్రైవేటు కంపెనీలేనని పక్కింటాయన అన్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?
— విశ్రాంత ఉపాధ్యాయురాలు, విజయవాడ

జవాబు: ఇద్దరి మాటా నిజమేనండీ. ఈ రెండు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే మాంచెస్టర్‌లో జరిగినదంతా అర్థమైనట్లే. అందుకు కొంచెం వెనక్కు వెళ్ళాలి.

మాంచెస్టర్, సాల్ఫర్డ్, బోల్టన్, స్టాక్‌పోర్ట్ వంటి ఊళ్ళకు ఒకప్పుడు ఎవరి మునిసిపల్ బస్సులు వారికి ఉండేవి. 1969లో వాటన్నిటినీ కలిపి ఒకే ప్రజా సంస్థ కిందికి తెచ్చారు. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1985లో చేసిన రవాణా చట్టం ఆ ఏర్పాటును తలకిందులు చేసింది. 1986 అక్టోబరు 26 నుంచి, లండన్ మినహా బ్రిటన్ అంతటా, లైసెన్సు ఉన్న ఏ కంపెనీ అయినా తనకు నచ్చిన రూటులో, నచ్చిన వేళల్లో, నచ్చిన చార్జీతో బస్సు నడుపుకోవచ్చునన్నారు. 42 రోజుల ముందు నమోదు చేయిస్తే చాలు, సర్వీసు మొదలుపెట్టవచ్చు. అంతే గడువుతో నోటీసు ఇచ్చి ఆపేయనూ వచ్చు. ఆ ఊరి కౌన్సిల్‌కు అందులో జోక్యం లేదు. ప్రజా సంస్థగా ఉన్న మాంచెస్టర్ బస్సులను ముందు కంపెనీగా మార్చారు, 1993లో ఉత్తర, దక్షిణ భాగాలుగా చీల్చారు, 1994లో ఉద్యోగులకే అమ్మారు. రెండేళ్ళు తిరిగేసరికి, 1996లో, ఉత్తర భాగం ఫస్ట్‌బస్ చేతికీ దక్షిణ భాగం స్టేజ్‌కోచ్ చేతికీ వెళ్ళిపోయాయి.

ఇప్పుడు వెనక్కు వచ్చినది బస్సు నడిపే పని కాదు, నిర్ణయించే అధికారం. ఏ వీధిలో బస్సు తిరగాలి, చివరి ట్రిప్పు ఎన్ని గంటలకు ఉండాలి, టికెట్టు ధర ఎంత అనే విషయాలను నిర్ణయించేది ట్రాన్స్‌పోర్ట్ ఫర్ గ్రేటర్ మాంచెస్టర్ అనే ప్రజా సంస్థ. టికెట్ల మీద వచ్చే డబ్బంతా ఆ సంస్థకే చేరుతుంది. డిపోలను అది కొనుక్కుంది, కొత్త బస్సులను కూడా తానే కొంటోంది. తరవాత టెండర్లు పిలిచి, ఫలానా డిపో నుంచి ఫలానా సర్వీసులను ఫలానా ప్రమాణాలతో నడపడానికి ఎవరు ఎంత అడుగుతారో చూసి కాంట్రాక్టు ఇస్తుంది. గెలిచిన కంపెనీ డ్రైవర్లను పెట్టుకుని బస్సులు నడిపి, ఒప్పుకున్న సొమ్ము తీసుకుంటుంది. దీనిని అక్కడ ఫ్రాంచైజీ పద్ధతి అంటారు. 2023 సెప్టెంబరు 24న విగన్, బోల్టన్ ప్రాంతాలలో మొదలై, 2024 మార్చి 24న ఓల్డ్‌హామ్, రోచ్‌డేల్ వైపు విస్తరించి, 2025 జనవరిలో దక్షిణ ప్రాంతంతో ముగిసింది. మీరు చూసిన తేనెటీగ ఆ నగరపు పాత చిహ్నం. శ్రమకు గుర్తుగా మిల్లుల కాలం నుంచీ వారి నగర ముద్రలో ఉంది. అందుకే ఈ ఏర్పాటుకు బీ నెట్‌వర్క్ అని పేరు పెట్టుకున్నారు.

కనుక మీ పక్కింటాయన చెప్పినట్లు డ్రైవరు కంపెనీ ఉద్యోగే. అయితే రేపు ఆ డ్రైవరు నడిపే బస్సు మీ అమ్మాయి ఇంటి ముందు నుంచి వెళ్ళాలా వద్దా అని నిర్ణయించేది కంపెనీ కాదు. ఎన్నికల్లో ప్రజలు ఓటు వేసి గెలిపించుకున్న మేయరుకు జవాబుదారీగా ఉన్న సంస్థ. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అసలు విలువ ఈ మార్పుదే.

ప్రశ్న: పోటీ ఉంటే ధరలు తగ్గి నాణ్యత పెరుగుతుందని మేము అర్థశాస్త్రంలో చదువుకుంటున్నాము. బస్సుల విషయంలో అలా ఎందుకు జరగలేదు? లోపం పోటీలో ఉందా, అమలులో ఉందా?
— డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: మంచి ప్రశ్న. మీ పాఠ్యపుస్తకం చెప్పేది తప్పు కాదు. కొనేవాడికి రెండు సరుకులను పక్కపక్కన పెట్టి చూసుకునే వీలున్నప్పుడు పోటీ అలాగే పనిచేస్తుంది. బస్ స్టాపులో నిలబడిన మనిషికి ఆ వీలు లేదు. ఆఫీసుకో కాలేజీకో ఆలస్యమవుతున్నవాడు ముందు వచ్చిన బస్సు ఎక్కుతాడు. వెనక వచ్చేది ఎంత శుభ్రంగా ఉన్నా, ఎంత చవకైనా, దాని కోసం ఆగడు. అటువంటి చోట కంపెనీకి లాభం తెచ్చేది మంచి బస్సు కాదు, ప్రత్యర్థి కంటే రెండు నిమిషాల ముందు వచ్చే బస్సు. అందుకే 1986 తరవాత మాంచెస్టర్ నడిబొడ్డున, ముఖ్యంగా విశ్వవిద్యాలయాల మీదుగా వెళ్ళే ఆక్స్‌ఫర్డ్ రోడ్డు, విల్మ్‌స్లో రోడ్డు వరుసలో, అనేక కంపెనీల బస్సులు ఒకదాని వెనక ఒకటి సగం ఖాళీగా బారులు తీరాయి. అదే సమయంలో ఊరి అంచున ఉన్న కాలనీలలో సాయంత్రం బస్సులు, ఆదివారం బస్సులు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

రెండో కారణం ఇంకా లోతైనది. ఏ నగరంలోనైనా కొన్ని రూట్లు లాభం తెస్తాయి, ఎక్కువ రూట్లు తేవు. సంస్థ ఒకటే అయినప్పుడు ఈ లాభం ఆ నష్టాన్ని మోస్తుంది. ఆసుపత్రికి వెళ్ళే రాత్రి బస్సును, ఉదయం ఎనిమిది గంటలకు కిక్కిరిసే బస్సు పోషిస్తుంది. నియంత్రణ ఎత్తివేశాక లాభం వచ్చే రూట్లను కంపెనీలు ఉంచుకున్నాయి, రాని రూట్లను వదిలేశాయి. వదిలేసిన వాటిలో సమాజానికి తప్పనిసరి అనుకున్న సర్వీసులను కౌన్సిళ్ళు ప్రజల పన్నుల నుంచి డబ్బు పెట్టి టెండరు ద్వారా తిరిగి కొనవలసి వచ్చింది. చాలాచోట్ల ఆ టెండరు గెలిచింది కూడా పగలు అదే రోడ్డు మీద లాభం చేసుకునే కంపెనీయే. ఊరి చెరువు కింది మాగాణి అంతా కొందరు పంచుకుని, చవిటి నేలకు మాత్రం ఊరంతా శిస్తు కట్టినట్లయింది. 2010 తరవాత కేంద్ర ప్రభుత్వం కౌన్సిళ్ళ నిధులకు కోత పెట్టినప్పుడు ఆ కొనుగోలు బస్సులు కూడా తగ్గిపోయాయి.

మూడోది టికెట్ల సంగతి. ఒక కంపెనీ టికెట్టు ఇంకొక కంపెనీ బస్సులో చెల్లేది కాదు. బస్సు దిగి ట్రామ్ ఎక్కాలంటే మరొకటి. కంపెనీలు కూర్చుని వేళలు, చార్జీలు సర్దుబాటు చేసుకుందామన్నా అది పోటీ చట్టం దృష్టిలో కుమ్మక్కు అయ్యే ప్రమాదం ఉండేది. ప్రయాణికుడికి కావలసినది ఒకదానితో ఒకటి కలిసే బస్సులు, చట్టం కోరినది ఒకదానితో ఒకటి కలవని కంపెనీలు.

చివరకు ఆ పోటీ అయినా నిలిచిందా అంటే అదీ లేదు. చిన్న కంపెనీలను పెద్దవి కొనేశాయి. ఎవరి ప్రాంతం వారిదైంది. బ్రిటన్ పోటీ కమిషన్ 2011లో విచారణ జరిపి, ఎదురెదురుగా నిలిచి పోటీపడే కంపెనీలు ఎక్కువ ప్రాంతాల్లో లేనేలేవని తేల్చింది. 1986 తరవాతి దశాబ్దాలలో మాంచెస్టర్ ప్రాంతంలో బస్సు ఎక్కేవారి సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది.

ఇక లండన్ వైపు చూడండి. అక్కడ కూడా బస్సు కంపెనీలను 1994లో ప్రైవేటుకు అమ్మేశారు. కాని రూట్లను, వేళలను, చార్జీలను ప్రజా సంస్థ చేతిలోనే ఉంచి, నడిపే పనికి మాత్రం టెండర్లు పిలిచారు. అక్కడ ప్రయాణికులు 1980ల నాటి సంఖ్యకు దాదాపు రెట్టింపయ్యారు. ఆ పెరుగుదలలో జనాభాకూ, 2003లో కార్ల మీద విధించిన రద్దీ సుంకానికీ, ప్రభుత్వం పెట్టిన ఖర్చుకూ వాటా ఉంది కనుక ఘనతంతా పద్ధతికే కట్టబెట్టకూడదు. అయినా మీ ప్రశ్నకు సూటి సమాధానం అక్కడే దొరుకుతుంది. రోడ్డు మీద పోటీ ప్రయాణికుడిని ఆగం చేసింది. టెండరు పెట్టె దగ్గర పోటీ అతనికి కొంత మేలు చేసింది. పోటీ పెట్టాలా వద్దా అని కాక, దేని కోసం పెట్టాలి అని మీ తరగతిలో చర్చించండి.

ప్రశ్న: నలభై ఏళ్ళుగా వ్యాపారం చేసుకుంటున్న కంపెనీల నుంచి రూట్లు తీసేసుకుంటే న్యాయస్థానాలు ఒప్పుకున్నాయా? నష్టపరిహారం ఇచ్చారా?
— న్యాయవాది, కర్నూలు

జవాబు: ఈ ప్రశ్న కర్నూలు నుంచి రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. కారణం తరవాత చెబుతాను.

నియంత్రణను తిరిగి తెచ్చుకునే వీలు బ్రిటన్‌లో 2000 నాటి రవాణా చట్టంలోనే కాగితం మీద ఉంది. కాని ఆ పద్ధతి ఎంత కఠినమంటే దానిని ఒక్క ప్రాంతం కూడా అమలు చేయలేకపోయింది. న్యూకాసిల్ ఉన్న టైన్ అండ్ వేర్ ప్రాంతం అందరికంటే ముందుకు వెళ్ళింది. 2015 నవంబరులో పరిశీలక మండలి ఆ పథకాన్ని తిరస్కరించింది. 2017లో వచ్చిన బస్సు సర్వీసుల చట్టం కొన్ని కౌన్సిళ్ళు కలిసి ఒక మేయరు కింద ఉన్న సంయుక్త ప్రాంతాలకు దారి సుగమం చేసింది. అదే చట్టం కౌన్సిళ్ళు కొత్తగా సొంత బస్సు కంపెనీలు పెట్టుకోకుండా నిషేధించింది కూడా. ఒక చేత్తో ఇచ్చి మరొక చేత్తో తీసుకున్న చట్టమది. ఆ ఏడాదే మాంచెస్టర్ మేయరుగా ఎన్నికైన ఆండీ బర్నమ్ చట్టంలోని మెట్లన్నీ ఎక్కారు. లాభనష్టాల అంచనా వేయించి, స్వతంత్ర ఆడిటరు చేత దానిని పరీక్ష చేయించి, 2019 చివర్లో ప్రజాభిప్రాయం సేకరించారు. ఇంతలో కోవిడ్ వచ్చి లెక్కలన్నీ తారుమారయ్యాయి. అందువల్ల ఆ పరిణామం మీద రెండోసారి కూడా అభిప్రాయ సేకరణ జరిపి, 2021 మార్చి 25న నిర్ణయం ప్రకటించారు.

స్టేజ్‌కోచ్, రొటాలా కంపెనీలు హైకోర్టుకు వెళ్ళాయి. కోవిడ్ తరవాత అంచనాలను సక్రమంగా తిరగరాయలేదన్నది వారి ప్రధాన వాదన. 2022 మార్చిలో హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అప్పీలు కూడా అదే ఏడాది వీగిపోయింది. రూటు పోయినందుకు పరిహారం చెల్లించాలనే నియమం ఆ చట్టంలో లేదు. ఆ దేశంలో కంపెనీకి ఉన్నది నమోదు చేసుకుని నడుపుకునే వీలే తప్ప రూటు మీద ఆస్తి హక్కు కాదు. డిపోల వంటి ఆస్తులను మాత్రం ధర చెల్లించి కొన్నారు. కోర్టులో ఓడిన రెండు కంపెనీలూ తరవాత టెండర్లలో పాల్గొని కాంట్రాక్టులు గెలుచుకున్నాయి.

ఇప్పుడు కర్నూలు సంగతి. ఈ దారిలో మాంచెస్టర్ కంటే 60 ఏళ్ళు ముందు నడిచింది మన తెలుగు నేల. 1956లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కృష్ణా జిల్లా బస్సు రూట్లను జాతీయం చేయబోయినప్పుడు ప్రైవేటు యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసుగా న్యాయశాస్త్ర విద్యార్థులంతా చదువుకునే తీర్పు అక్కడే పుట్టింది. అభ్యంతరాలను విన్నది శాఖ కార్యదర్శి, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. వాదన ఒకరు విని తీర్పు ఇంకొకరు చెప్పడం న్యాయం కాదని సుప్రీంకోర్టు 1958లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ప్రభుత్వం విధానాన్ని సరిదిద్దుకున్నాకనే జాతీయీకరణ ముందుకు సాగింది. మీ జిల్లా కథ మరింత పెద్దది. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణలో రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీసే ఉద్దేశం ఉందన్న ఆరోపణను ముఖ్యమంత్రి స్వయంగా ప్రమాణ పత్రం వేసి ఖండించలేదని సుప్రీంకోర్టు 1964లో ఎత్తిచూపగా, నీలం సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు.

మన చట్టంలో రద్దయిన పర్మిట్టుకు మిగిలిన గడువును లెక్కగట్టి పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా ఉండేది. ఈ రెండు దేశాల అనుభవంలోనూ నాకు కనిపించేది ఒకటే. ప్రజా ప్రయోజనం ఎంత గొప్పదైనా, పద్ధతి తప్పిన ప్రభుత్వాన్ని న్యాయస్థానం నిలబెట్టదు. పద్ధతి తప్పని ప్రభుత్వాన్ని కంపెనీలు కోర్టులో ఓడించలేవు. మాంచెస్టర్ వారు రెండోసారి అభిప్రాయ సేకరణకు వెచ్చించిన నెలలే తరవాత వారిని కాపాడాయి.

ప్రశ్న: నాకు ఆర్టీసీలో రెండు అద్దె బస్సులు ఉన్నాయి. బస్సు, డ్రైవరు నావి. కండక్టరు సంస్థవారు. కిలోమీటరుకు ఇంత అని నాకు ఇస్తారు. మాంచెస్టర్‌లో గొప్పగా చెప్పుకుంటున్నది మనం ఎప్పటి నుంచో చేస్తున్నదే కదా?
— అద్దె బస్సుల యజమాని, ఖమ్మం

జవాబు: చాలావరకు అదేనండీ. మీరు చెప్పిన తరవాత చాలామంది పాఠకులకు విషయం సులభంగా బోధపడుతుంది. రూటు, వేళ, చార్జీ ఆర్టీసీవి. కలెక్షన్ ఎంత వచ్చినా అది సంస్థ ఖాతాకే పోతుంది. బస్సు నిండితే మీకు అదనంగా వచ్చేది లేదు, ఖాళీగా తిరిగితే పోయేదీ లేదు. అందువల్ల మీ డ్రైవరుకు ప్రయాణికుల కోసం ఇంకొక బస్సుతో పందెం వేయవలసిన అవసరం లేదు. ఆ అవసరం ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఢిల్లీ చూసింది. 1992లో అక్కడ ప్రైవేటు యజమానులకు విడివిడిగా పర్మిట్లు ఇచ్చి రెడ్‌లైన్ బస్సులు మొదలుపెట్టారు. వాటికే తరవాత బ్లూలైన్ అనే పేరు వచ్చింది. ఆదాయమంతా ఆ పూట కలెక్షన్ మీద ఆధారపడడంతో బస్సులు ఒకదానిని ఒకటి తరుముకుంటూ వెళ్ళేవి. ఒక్క 2007లోనే ఆ బస్సుల కింద పడి మరణించినవారి సంఖ్య వంద దాటింది. చివరకు వాటిని దశలవారీగా తొలగించి, కంపెనీలకు నడిపినందుకు డబ్బిచ్చి టికెట్ల సొమ్ము ప్రభుత్వమే తీసుకునే క్లస్టర్ పద్ధతికి మారారు. మన దేశంలో సిటీ బస్సుల మీద ప్రజా నియంత్రణ తిరిగి వచ్చిన పెద్ద ఉదాహరణ అదే.

అయితే రెండు తేడాలు చెప్పకపోతే నా జవాబు అసంపూర్ణమవుతుంది. మొదటిది, రెండు ప్రయాణాలూ ఎదురెదురు దిశల్లో సాగుతున్నాయి. మాంచెస్టర్ ఏమీ లేని స్థితి నుంచి రూట్లను, డిపోలను, బస్సులను ఒక్కొక్కటిగా ప్రజల ఆస్తిగా చేర్చుకుంటూ పైకి వస్తోంది. మనకు 1932లో నిజాం రాష్ట్ర రైలు రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభించిన నాటి నుంచి కూడబెట్టిన డిపోలు, వర్క్‌షాపులు, నైపుణ్యం ఉన్నాయి. అద్దె బస్సులకు తోడు ఇప్పుడు కొత్త ఎలక్ట్రిక్ బస్సులు కూడా కిలోమీటరు లెక్కన కంపెనీల నుంచే వస్తున్నాయి. వాటిలో డ్రైవరు, మరమ్మతు, చార్జింగు అన్నీ కంపెనీవే. నిర్ణయాధికారం సంస్థ చేతిలోనే ఉన్నంతకాలం ఇది ప్రైవేటీకరణ అనలేము. కాని సొంతంగా నడపగల శక్తిని పూర్తిగా పోగొట్టుకున్న సంస్థ, కాంట్రాక్టరు రేటు పెంచమని పట్టుబట్టిన రోజున కాదనగలదా? ముంబయిలో బెస్ట్ సంస్థ సొంత బస్సులు తగ్గించుకుని అద్దె బస్సుల మీద ఆధారపడ్డాక, కొందరు కాంట్రాక్టర్లు గిట్టుబాటు కావడం లేదంటూ గడువుకు ముందే బస్సులు ఉపసంహరించుకున్నారు. స్టాపులలో నిలబడినవారే ఆ భారం మోశారు. అందుకే ప్రతి నగరంలో సొంత సిబ్బంది, సొంత బస్సులు ఉన్న డిపోలు కొన్నయినా మిగలాలని నేను గట్టిగా నమ్ముతాను.

రెండో తేడా కాంట్రాక్టులో ఉంటుంది. కిలోమీటర్లు తిరిగినందుకే డబ్బు అయితే, బస్సు తిరుగుతుంది గాని స్టాపులో ఆగుతుందా, వేళకు వస్తుందా అన్నది ఎవరికీ పట్టదు. చేతులెత్తినా ఆగకుండా పోయే బస్సులను మనమందరం చూశాము. మాంచెస్టర్‌లో సమయపాలనను, శుభ్రతను కాంట్రాక్టు షరతులలో చేర్చారు. మీవంటి యజమానులకు డీజిల్ ధర పెరిగినప్పుడు న్యాయమైన సవరణ, ప్రయాణికుడికి ఆగిన ప్రతి స్టాపుకూ జవాబుదారీ, ఈ రెండూ ఒకే ఒప్పందంలో ఉండాలి.

ప్రశ్న: ఇంతకూ డబ్బు ఎక్కడిది? ఫలితం కనిపించిందా?
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: బస్సులను ఫ్రాంచైజీ పద్ధతికి మార్చే ఖర్చును 13 కోట్ల 45 లక్షల పౌండ్లుగా అంచనా వేశారు. కేంద్రం ఇచ్చే అభివృద్ధి నిధుల నుంచి, పది కౌన్సిళ్ళ వాటాల నుంచి, ఇంటి పన్నుతో పాటు వసూలు చేసే మేయరు పన్ను నుంచి దానిని సమకూర్చుకున్నారు. అది ఒక్కసారి పెట్టే ఖర్చు మాత్రమే. టికెట్ల ఆదాయం తగ్గితే వచ్చే నష్టం ఇప్పుడు కంపెనీది కాదు, ప్రజా సంస్థది. ఇది నిజమైన భారం. దానిని దాచిపెట్టి ప్రజా నియంత్రణను సమర్థించడం సరికాదు. నా సమర్థన వేరే చోట ఉంది. ప్రైవేటు రోజుల్లో కూడా రాయితీ పాసులకు, ఇంధనానికి, నష్టపు రూట్లకు ప్రజాధనం కంపెనీలకు చేరుతూనే ఉండేది. డబ్బు ఇచ్చేవారికి రూటు గురించి అడిగే హక్కు మాత్రం లేదు.

ఫలితాల విషయానికి వస్తే, బస్సులు మునుపటి కంటే వేళకు వస్తున్నాయని, ప్రయాణికులు పెరిగారని రవాణా సంస్థ చెబుతోంది. కోవిడ్ నుంచి కోలుకుంటున్న కాలం కనుక ఆ పెరుగుదలలో పద్ధతి వాటా ఎంతో తేల్చడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టవచ్చు. చార్జీల విషయంలో మాత్రం సందేహం లేదు. 2025 జనవరిలో ఇంగ్లండ్ అంతటా ఒక ప్రయాణపు గరిష్ఠ చార్జీని రెండు పౌండ్ల నుంచి మూడుకు పెంచినప్పుడు మాంచెస్టర్ రెండు దగ్గరే ఆగింది. గంటలోపు బస్సు మారినా అదే చార్జీ సరిపోతుంది. ఆ ఏడాది మార్చి నుంచి బస్సుకూ ట్రామ్‌కూ కలిపి ఒకే కార్డు తాకిస్తే, రోజుకు ఇంతకు మించి కోయకుండా లెక్క దానంతట అదే సరిపోతోంది. 2024లో రాత్రి పూట నడిచే బస్సులను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. ఇవేవీ కంపెనీలను బతిమాలి సాధించినవి కావు.

మన దగ్గర 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం, 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం మొదలైన రోజు నుంచే మహిళలు ఉచితంగా బస్సు ఎక్కగలిగారు. ఆ పథకాల ఖర్చు మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. చార్జీ నిర్ణయించే అధికారం, టికెట్ యంత్రం, రూటు అన్నీ ఒకే ప్రజా సంస్థ చేతిలో ఉన్నందువల్లనే అది అంత త్వరగా సాధ్యపడింది. ముప్పై కంపెనీలతో ముప్పై ఒప్పందాలు చేసుకోవలసి వస్తే ఏళ్ళు పట్టేది.

ప్రశ్న: నేను ఆర్టీసీలో కండక్టరుగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మాంచెస్టర్‌లో కార్మికులకు ఏమి ఒరిగింది? వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులయ్యారా?
— నల్లగొండ

జవాబు: కాలేదండీ. ఆ దేశపు సిటీ బస్సులలో మీ వృత్తి దాదాపు అంతరించింది. టికెట్టు కూడా డ్రైవరే ఇస్తాడు. 1986 తరవాత కంపెనీలు ఖర్చు తగ్గించుకున్న తీరులో డ్రైవర్ల వేతనాలు ఇతర రంగాలతో పోలిస్తే వెనకబడ్డాయి. ఫ్రాంచైజీ పద్ధతిలో కాంట్రాక్టు చేతులు మారినప్పుడు డ్రైవర్ల ఉద్యోగం, సర్వీసు, అప్పటి జీతం నిబంధనలు కొత్త కంపెనీకి బదిలీ అయ్యేలా చట్టపరమైన రక్షణ ఉంది. అయితే ఒకే రంగు బస్సులను వేర్వేరు కంపెనీల డ్రైవర్లు వేర్వేరు జీతాలకు నడుపుతున్నారు. 2025 సెప్టెంబరులో పలు కంపెనీల డ్రైవర్లు వేతనాల కోసం సమ్మె చేసి బస్సులు ఆపేశారు. మేయరు యజమాని కాదు, కాని జనం అడిగింది మేయరునే. ఈ పద్ధతిలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే. నిర్ణయాలు తన చేతిలో ఉంచుకుని, జీతాల బాధ్యతను టెండరు గెలిచినవాడికి వదిలేస్తే, తక్కువకు కోట్ చేసే కంపెనీ ఆ తగ్గింపును మొదట వెతికేది డ్రైవరు జేబులోనే. టెండరు షరతుల్లోనే కనీస వేతనాన్ని గట్టిగా రాయించడం దీనికి విరుగుడు.

మీకు 2019 గుర్తుండే ఉంటుంది. అక్టోబరు 5న మొదలైన తెలంగాణ ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. మధ్యలో రాష్ట్ర మంత్రివర్గం 5,100 రూట్లకు ప్రైవేటు పర్మిట్లు ఇస్తామని తీర్మానించింది. రూట్లు ప్రైవేటుకు ఇచ్చే అధికారం ప్రభుత్వానికి ఉందని హైకోర్టు కూడా చెప్పింది. సమ్మె ముగిశాక ప్రభుత్వమే ఆ ఆలోచన విరమించుకుంది. ఆ నవంబరులో మనం మాంచెస్టర్ 1986లో నిలబడిన గుమ్మం దాకా వెళ్ళి వెనుదిరిగామని నా అభిప్రాయం. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. తెలంగాణలో 2023 ఆగస్టులో అటువంటి బిల్లునే శాసనసభ ఆమోదించింది. ఉద్యోగ భద్రత దృష్ట్యా ఇవి పెద్ద మెట్లే. అయితే ఉద్యోగి ప్రభుత్వానివాడై, కొత్తగా వచ్చే ప్రతి బస్సూ కంపెనీదైతే, పదవీ విరమణలతో పాటే ఆ భద్రత కూడా తరిగిపోతుంది. మీ డిపోలో ఖాళీ అయిన పోస్టులను ఎవరితో నింపుతున్నారో గమనించి మాకు రాయండి.

ప్రశ్న: నేను లీడ్స్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. రాత్రి పార్ట్‌టైమ్ పని నుంచి వచ్చేసరికి బస్సు ఉండదు. మాంచెస్టర్ పద్ధతి ఇక్కడికి ఎప్పుడు వస్తుంది?
— లీడ్స్ నుంచి ఒక విద్యార్థిని

జవాబు: మీ ప్రాంతమైన వెస్ట్ యార్క్‌షైర్ 2024 మార్చిలోనే ఆ నిర్ణయం తీసుకుంది. 2027 నుంచి దశలవారీగా అమలు చేస్తామని ప్రకటించారు. అంతకుముందే లివర్‌పూల్, తరవాత సౌత్ యార్క్‌షైర్, వెస్ట్ మిడ్‌ల్యాండ్స్ కూడా అదే బాట పట్టాయి. కౌన్సిళ్ళు సొంత బస్సు కంపెనీలు పెట్టుకోకుండా ఉన్న నిషేధాన్ని 2025 నాటి కొత్త చట్టం ఎత్తివేసింది. నాటింగ్‌హామ్, ఎడిన్‌బరా, రెడింగ్ వంటి నగరాలు 1986 నుంచీ తమ సొంత కంపెనీలను అమ్మకుండా కాపాడుకుని మంచి పేరు తెచ్చుకున్నాయి కనుక, మీ ప్రాంతంలోనూ ఆ దారి గురించి అడిగేవారు ఉంటారు.

పద్ధతి మారినంత మాత్రాన రాత్రి బస్సు వచ్చేస్తుందని మాత్రం చెప్పలేను. దానికి డబ్బు కేటాయించాలి, అది కావాలని ఎవరో ఒకరు అడగాలి. రూట్ల మీద అభిప్రాయాలు కోరినప్పుడు విద్యార్థులు, ముఖ్యంగా గోదాములలో, హోటళ్ళలో, వృద్ధాశ్రమాలలో రాత్రి షిఫ్టులు చేసేవారు, తమ పని ముగిసే వేళను, దిగవలసిన స్టాపును రాసి పంపాలి. మీకు అక్కడ ఓటు కూడా ఉంది. కామన్వెల్త్ దేశాల పౌరులై, చట్టబద్ధమైన వీసాతో ఇంగ్లండులో నివసిస్తున్నవారు మేయరు ఎన్నికలకూ కౌన్సిల్ ఎన్నికలకూ ఓటరుగా నమోదు చేసుకోవచ్చు. ఈ సంగతి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. మీ స్నేహితులకు కూడా చెప్పండి.